ఉత్తరమానసమునకు గాలము

పంచతంత్రములోని మూడు చేపల కథ చదువనివారు మనలో అరుదు. ఒక మడుగు, అందులో అనాగతవిధాత, ప్రత్యుత్పన్నమతి, యద్భవిష్యుడు అను మూడు చేపలు. ఒకనాటి సాయంకాలము గట్టువెంట పోవుచున్న జాలరులు నీటివంక చూచి, ఇందులో చేపలు మెండుగా ఉన్నవని, తెల్లవారిన తరువాత వచ్చి వల వేయవలెనని తమలో తాము అనుకొన్నారు. ఆ మాట చేపల చెవిని పడినది. మొదటి చేప ఆ రాత్రియే వేరొక నీటికి తరలిపోయినది. రెండవది చచ్చినట్లు నటించి తప్పించుకొన్నది. మూడవది నిజముగనే చచ్చినది. ముందుచూపు గలవాడు బ్రదుకునని నీతి.

చిన్ననాడు ఈ కథ చదివినపుడు నేను చేపల పక్షమున ఉంటిని. ఏబది యేండ్లు దాటిన తరువాత మరల చదివినపుడు నా దృష్టి గట్టుమీదికి మళ్ళినది. ఆ జాలరులు కూడ అనాగతవిధాతలే గదా! నీరు చూచినారు, చేప ఉన్నదని గుర్తించినారు, ప్రొద్దు నిర్ణయించుకొన్నారు. ఎట్లు గుర్తించినారు? బుడగలు చూచియా, కొంగల వాలకము చూచియా, నీటి రంగు చూచియా? కథకుడు చెప్పలేదు. వారి పని ఒక్క వాక్యములో ముగిసినది. ఆ ఒక్క వాక్యమునకు వెనుక ఎంత విద్య ఉన్నదో, ఆ విద్యను ఎవరు ఎప్పుడు గ్రంథస్థము చేసినారో, చేసినపుడు ఎవరి పేరు నిలిచి ఎవరి పేరు జారిపోయినదో విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

దీనికి ఒక సందర్భము కలదు. ఢిల్లీలో నాకొక మిత్రుడున్నాడు. ఉద్యోగము చాలించుకొన్న ఇంజనీరు. గాలపు వేటయందు మక్కువ గలవాడు. కిందటి చలికాలమున ఆయన నాతో, "వచ్చే వేసవిలో కాశ్మీరపు ఎగువ సరస్సులకు పోదమండీ. గంగాబల్, నందకోల్, విషన్‌సర్. అక్కడ మనుషుల సందడి ఉండదు. మీరు గాలము పట్టనక్కరలేదు. పుస్తకములు తిరుగవేసి, ఏమేమి సిద్ధము చేసికొనవలెనో వ్రాసి పెట్టండి, చాలును" అన్నారు. నాకు చేతనైన పని పుస్తకములు తిరుగవేయుటయే కనుక ఒప్పుకొన్నాను. పట్టిక వ్రాయ మొదలిడితిని. వ్రాయగా వ్రాయగా అది పట్టికగా నిలువలేదు.

వేటకు ముందు చేయవలసిన ఆలోచనను ఒక సాహిత్య ప్రక్రియగా తీర్చిన ఖ్యాతి సాధారణముగా ఆంగ్లేయులకు దక్కుచున్నది. 1496లో ఇంగ్లండున అచ్చయిన గాలపు వేట గ్రంథమొకటి ఉన్నది. దానిని జూలియానా బెర్నర్సు అను సన్న్యాసిని వ్రాసినదని ప్రతీతి. ఆ కర్తృత్వము రుజువైనది కాదు. కర్ర ఎట్లు చేయవలెను, గుఱ్ఱపు వెండ్రుకలతో దారము ఎట్లు పేనవలెను, సూదిని కాల్చి గాలముగా ఎట్లు వంచవలెను, ఈకలతోను ఉన్నితోను పన్నెండు తీరుల కృత్రిమపు ఈగలను ఎట్లు కట్టవలెను అను సంగతులన్నియు అందులో ఉన్నవి. నన్ను ఆకర్షించినది ఇవి కావు, ముగింపు. బీదవాని స్వంతపు నీటిలో అతని అనుమతి లేక గాలము వేయరాదనియు, దారిలో కంచెలు విరుగగొట్టరాదనియు, తెరచిన తలుపు మూసి పోవలెననియు, అవసరమునకు మించి పట్టరాదనియు ఆ గ్రంథము హెచ్చరించుచున్నది. వినోదము కొరకు నీటి దగ్గరకు పోవువాడు ఆ నీటిని నమ్ముకొని బ్రదుకువానిని మరువరాదని ఆ రచయిత్రికో రచయితకో తోచినది. ఈ మాటను మనస్సులో ఉంచుకొని ముందుకు పోవుదము.

1653లో ఐజాక్ వాల్టను రచన వెలువడినది. అతడు వర్తకుడు. జాన్ డన్, జార్జి హెర్బర్టు మొదలగు కవుల జీవితచరిత్రలు వ్రాసినవాడు. మొదటి చార్లెస్ రాజు 1649లో వధింపబడి, దేశము అంతర్యుద్ధపు గాయములతో ఉన్న కాలమున, రాజపక్షపాతియైన వాల్టను ఏటిగట్టుకు పోయి కూర్చున్నాడు. ఆ గ్రంథము సంభాషణ రూపమున నడచును. గాలపువేటకాడు దారిలో కలిసినవానితో ముచ్చటించుచు, చేపల స్వభావములు చెప్పుచు, నడుమ పాటలు పాడించుచు, పూటకూటి ఇంట భోజనము చేయించుచు తన విద్యను బోధించును. 1676లో చార్లెస్ కాటను అను కవి దానికి రెండవ భాగము చేర్చి, కృత్రిమపు ఈగతో వేటాడు పద్ధతిని వివరించినాడు. ఓడిన పక్షమువాని ప్రశాంతి అందులో ఉన్నది. నిశ్శబ్దమైన నీటి కొరకు మనిషి బయలుదేరుటకు కారణము ఒక్కొక్కప్పుడు చేప కాదు, వెనుక విడిచివచ్చిన రొద.

ఐతే వాల్టనుకు అయిదు వందల యేండ్లకు ముందే ఈ ప్రక్రియ మన దక్షిణాపథమున పుట్టినదని ఎందరికి తెలియును? కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున 'మానసోల్లాసము' రచించినాడు. 'అభిలషితార్థ చింతామణి' అని దానికి మరియొక పేరు. అయిదు వింశతులు, నూరు అధ్యాయములు. రాజ్యము సంపాదించుట మొదలు వంటలు, చిత్రలేఖనము, సంగీతము, ఏనుగుల శిక్షణ వరకు రాజునకు తెలియవలసినవన్నియు అందులో ఉన్నవి. నాలుగవది వినోద వింశతి. అందులో మత్స్యవినోదము ఒకటి. కల్యాణి అనగా నేటి బసవకల్యాణము. తెలంగాణపు సరిహద్దుకు దగ్గర. కాకతీయులు మొదట ఆ చాళుక్యుల సామంతులే. కనుక అది మనకు పరాయి రాజ్యము కాదు.

మత్స్యవినోదములో సోమేశ్వరుడు ముప్పదియైదు తీరుల చేపలను పేర్కొన్నాడు. సముద్రపువి, నదులవి అని విభజించినాడు. పొలుసు గలవి, పొలుసు లేనివి అని విభజించినాడు. ఏ జాతికి ఏ ఆహారము ఇష్టమో చెప్పినాడు. నీటిలో ఒక తావు ఎంచుకొని, అక్కడ ముందుగా మేత వేసి చేపలకు ఆ తావు అలవాటు చేసి, ఆ పిమ్మట గాలము దింపు పద్ధతిని వివరించినాడు. కర్ర, దారము, గాలము, ఎర అన్నిటికిని లక్షణములు కలవు. ఇది రాజు వ్రాసిన వినోదశాస్త్రము. చదువుచుండగా రాజు కనబడును. అతని వెనుక మేత ముద్దలు చేసి, తావు చూపించి, ఏ చేప ఏ ముద్దకు వచ్చునో తరతరములుగా ఎరిగిన మనిషి నీడ కూడ కనబడును. పేరు మాత్రము కనబడదు.

ఈ అధ్యాయమును ఆధునిక లోకము దృష్టికి తెచ్చినవాడు సుందర్‌లాల్ హోరా. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధ్యక్షుడైన ఆ మత్స్యశాస్త్రవేత్త 1951లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దీనిపై వ్యాసము ప్రకటించినాడు. శాస్త్రజ్ఞుడు సంస్కృత గ్రంథమును తెరచి, అందులోని పేర్లను నేటి జాతులతో సరిచూచుటకు పూనుకొన్నాడు. సాహిత్యజ్ఞుల మైన మనము చేయవలసిన పనిని, చేపల శాస్త్రమువాడు చేసి పెట్టినాడని ఒప్పుకొనక తప్పదు.

మానసోల్లాసములో లేని గొంతు మన సాహిత్యములో ఒక్కచోట స్పష్టముగా వినబడును. అది శాకుంతలము ఆరవ అంకము. రోహితమను చేప కడుపులో దొరికిన ఉంగరమును అమ్మబోయి రాజభటులకు చిక్కిన జాలరి, తాను వలతోను గాలముతోను కుటుంబము పోషించుకొనువాడనని చెప్పుకొనును. అధికారి ఎగతాళి చేయును. జాలరి తల వంచడు. పుట్టుకతో వచ్చిన వృత్తి నిందితమైనను విడువరానిదని, దయగల శ్రోత్రియుడు కూడ యజ్ఞమున పశువును చంపుటలో కఠినుడగునని సమాధానము చెప్పును. కాళిదాసు అతనికి ప్రాకృతమునే ఇచ్చినాడు, పేరు ఇయ్యలేదు; కాని వాదము ఇచ్చినాడు. దుష్యంతుని జ్ఞాపకము తిరిగి వచ్చినది ఆ జాలరి చేతిలోనుండియే.

ఇక ఉత్తరమునకు పోవుదము. కాశ్మీరమున నీటికిని చేపకును ఉన్న సంబంధము కల్హణుని రాజతరంగిణిలోనే వివాదముతో మొదలగును. మేఘవాహనుడను రాజు తన రాజ్యమున జీవహింసను నిషేధించినాడట. ఊరక నిషేధించి ఊరకుండలేదు. ఆ హింసయే జీవికగా గలవారికి కోశాగారమునుండి బత్తెము ఏర్పాటు చేసినాడని కల్హణుడు చెప్పుచున్నాడు. తొమ్మిదవ శతాబ్దిలో అవంతివర్మ కాలమున మరల హింస ఆగినదట. అప్పుడు చేపలు చల్లని నీటిని వదలి ఒడ్డునకు వచ్చి శరత్కాలపు ఎండలో వెన్ను కాచుకొన్నవని వర్ణన. నిషేధమును వర్ణించిన కవులు అనేకులు. నిషేధమువలన కూడు పోయిన వానిని తలచిన చరిత్రకారుడు కల్హణుడు. అందుచేతనే అతని మాటను ఇక్కడ ఎత్తికొన్నాను.

మొగలు చక్రవర్తులలో జహంగీరుకు ఈ నీళ్ళన్న ప్రాణము. 1607లో కాబూలునకు పోవుచు, హసన్ అబ్దాల్ దగ్గర తాను మొదటిసారి విసురు వల వేసితిననియు, పది పన్నెండు చేపలు పడినవనియు, వాని ముక్కులకు ముత్యములు కట్టి మరల నీటిలో విడిచితిననియు తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. పట్టి విడుచుట నేటి వేటగాండ్రు కనిపెట్టినది కాదన్నమాట. కాశ్మీరమున వేరినాగు ఊటకు ఎనిమిది కోణముల రాతికట్టు కట్టించినవాడు కూడ అతడే. మట్టన్ దగ్గరి ఊటలో చేపలకు యాత్రికులు నేటికిని మేత వేయుదురు, ఎవరును పట్టరు. ఇట్లు ఒకే లోయలో పట్టరాని చేప, పట్టి విడిచిన చేప, పట్టి తిను చేప మూడును ప్రక్కప్రక్కన బ్రదుకుచుండెను. వులర్ సరస్సున వలలు వేయు హంజీలకు ఈ మూడవదే జీవనాధారము. 1889 నుండి కొన్నేండ్లు అక్కడ భూమి శిస్తు నిర్ణయించిన వాల్టరు లారెన్సు 1895లో ప్రకటించిన గ్రంథమున ఆ పడవవారి శాఖలను వివరించినాడు. గాడ అనగా కాశ్మీరీ భాషలో చేప. గాడహంజీ అనగా చేపలు పట్టు హంజీ.

ఆంగ్లేయుడు మన దేశమున గాలము పట్టుటకు ముందు చేపలను లెక్కించినాడు. ఆ లెక్క మన విశాఖపట్టణమున మొదలైనదని తెలుగువారు గర్వపడవచ్చును. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, రక్తపింజరి పామునకు ఆంగ్లమున ఎవని పేరు నిలిచినదో ఆయన, 1803లో విశాఖపట్టణపు చేపలు రెండు వందలను బొమ్మలతోను వర్ణనలతోను రెండు సంపుటములుగా ప్రకటించినాడు. ఆ గ్రంథమున చేపల పేర్లు లాటిను పేర్లు కావు. తెలుగు జాలరులు పలికిన పేర్లను చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొన్నాడు. మన వాలుగ అక్కడ 'వల్లగూ' అయినది. పిదప 1851లో బ్లీకర్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ మాటను లాటిను తీరునకు మార్చి, ఆ చేప ప్రజాతికి 'వల్లగో' అని నామకరణము చేసినాడు. నేడు ప్రపంచమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడు ఆ చేప పేరు వ్రాసినను, తెలియకయే ఒక తెలుగు మాట వ్రాయుచున్నాడు.

అనువాదకుడనుగా ఈ సంగతి నన్ను చాలా రోజులు వెంటాడినది. ఒక మాట తెలుగు సముద్రపు ఒడ్డున బయలుదేరి, ఆంగ్లపు చెవిలో మారి, డచ్చివాని కలమున లాటిను వేషము ధరించి, లోకమున స్థిరపడినది. రస్సెల్ పేరు నిలిచినది; బ్లీకర్ పేరు నిలిచినది; చేపను చూపి "ఇది వాలుగ" అన్నవాని పేరు మనకు దక్కలేదు. అతడు చేసినదే మొదటి అనువాదము. నీటిలో కదలుచున్న దానిని మాటలోనికి తెచ్చినవాడతడు.

1822లో ఫ్రాన్సిస్ బుకానన్ గంగానది చేపలను గూర్చి వ్రాసిన గ్రంథమున కూడ రోహిత, కాట్ల మొదలగు దేశీయ నామములే శాస్త్రనామములైనవి. శాస్త్రగ్రంథముల పిమ్మట వేటగ్రంథములు వచ్చినవి. వానిలో ప్రసిద్ధమైనది హెన్రీ సల్లివన్ థామస్ రచన. అతడు మదరాసు రాజధాని సివిలు ఉద్యోగి. దక్షిణ కన్నడ మండలమున పనిచేసినవాడు. 1873లో మంగుళూరున గాలపు వేటను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించినాడు. 1887లో చెరువులలోని వేటను గూర్చి వేరొకటి వ్రాసినాడు. సెలవు పెట్టి ఏటికి పోవు దొరలకు అవి ప్రయాణపు పంచాంగములు. ఏ నీటికి ఏ నెలలో పోవలెను, ఏ కర్ర, ఎంత దారము, మహాశీరు చేప ఏ రాతి ప్రక్క నిలుచును అను సంగతులు చక్కగా ఉన్నవి. హాస్యము కలదు, పరిశీలన కలదు. కాని ఆ తరహా పుస్తకములలో నీరు చూపించు దేశీయుడు ఎప్పుడును పేరు లేని సేవకుడే. అతడు బుట్ట మోయును, తావు చూపును, చేప పడినపుడు దొర పేరు వినబడును. సోమేశ్వరుని గ్రంథమునకును థామసు గ్రంథమునకును నడుమ ఏడు వందల యేండ్లు గడచినవి. ఈ ఒక్క విషయమున మార్పు లేదు.

కాశ్మీరమున దొరలకు ఒక కొరత ఉండెను. అక్కడి చల్లని ఏళ్ళు స్కాట్లండు ఏళ్ళవలెనే ఉండెను గాని, వానిలో ట్రౌటు లేదు. స్థానికపు మంచునీటి చేపలు మెండు. అవి వేరు వంశమువి, వాని నడవడి వేరు. కనుక ట్రౌటునే తేవలెననుకొన్నారు. ట్రౌటు గ్రుడ్డు చల్లదనమునందే బ్రదుకును. వేడి తగిలిన చచ్చును. బెడ్‌ఫర్డు ప్రభువు 1899లో పంపిన గ్రుడ్లు దారిలో నశించినవి. రెండవ పర్యాయము స్కాట్లండునుండి పంపినవి 1900 డిసెంబరున క్షేమముగా చేరినవి. శ్రీనగరమున తివాచీల కర్మాగారము నడపుచున్న ఫ్రాంక్ మిచ్చెల్ వానిని పొదిగించి పెంచు భారము వహించినాడు. హార్వాన్ దగ్గర చేపపిల్లల కేంద్రము వెలసినది. అక్కడినుండి పిల్లలు ఏరులకు, ఏరులనుండి కాలక్రమమున ఎగువ సరస్సులకు ప్రాకినవి. నేడు గంగాబల్‌లోను విషన్‌సర్‌లోను వేటగాండ్రు వెదకు గోధుమవన్నె ట్రౌటు ఆ వంశమునకు చెందినదే. ట్రౌటు మాంసాహారి, తనకంటె చిన్న చేపను తినును. వచ్చిన అతిథి, ఉన్న కుటుంబముతో ఎట్లు మెలగినదో చెప్పనక్కరలేదు.

సరిగా ఆ 1900వ సంవత్సరముననే కాశ్మీరమునకు సంబంధించిన వేరొక గొప్ప కార్యము జరిగినది. ఆరెల్ స్టెయిన్ రాజతరంగిణికి ఆంగ్లానువాదమును రెండు సంపుటములుగా ప్రకటించినాడు. వేసవులలో మోహంద్ మార్గ్ అను కొండ మైదానమున గుడారము వేసికొని, ఎదురుగా హరముఖ పర్వతమును చూచుచు ఆయన పని చేసెడివాడు. కల్హణుడు పేర్కొన్న ప్రతి తీర్థమును, ప్రతి సరస్సును తాను నడచి చూచి గుర్తించినాడు. హరముఖము క్రింద మంచుగడ్డల నీటితో నిండు గంగాబల్ సరస్సు ప్రాచీనుల ఉత్తరగంగ అని, ఉత్తరమానసమని ఆయన నిరూపించినాడు. కాశ్మీరపు పండితులు తమ మృతుల అస్థికలను మోసికొనిపోయి నిమజ్జనము చేసిన నీరు అది.

ఒకే సంవత్సరమున ఆ లోయకు రెండు జరిగినవి. స్టెయిన్ అక్కడినుండి ఒక గ్రంథమును బయటి భాషలోనికి కొనిపోయినాడు. మిచ్చెల్ బయటినుండి ఒక ప్రాణిని లోనికి తెచ్చినాడు. రెండును అనువాదములే అని నేనన్నచో అతిశయోక్తి కాదు. ఐతే ఒక భేదము. స్టెయినుకు పాఠమును, సంప్రదాయమును విడమరచి చెప్పినవాడు పండిత గోవింద కౌల్. గ్రంథము వెలువడుటకు ముందే, 1899లో, ఆయన మరణించినాడు. స్టెయిన్ ఆయన ఋణమును దాచుకొనలేదు. పేరు పెట్టి, ఆదరముతో లోకమునకు చెప్పినాడు. అందుచేత నేడు ఆ అనువాదము విప్పినవాడు గోవింద కౌలును కూడ ఎరుగును. ట్రౌటుకు మొదటి ఏరు చూపినవాడు, ఏ ఊట ఎండకాలమున చల్లగా ఉండునో, ఏది శీతకాలమున గడ్డకట్టదో చెప్పినవాడు ఎవరు? తరతరములుగా ఆ నీటిలో కాళ్ళు తడిపినవాడెవడో ఒకడు చెప్పియే ఉండవలెను. అతని పేరు మన చేతికి రాలేదు.

ఇప్పుడు నా మిత్రుని పట్టికకు వచ్చెదను. అందులో వ్రాయవలసినవి వ్రాసినాను. ట్రౌటు వేటకు ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు కాలము. ఆ తరువాత చేప గ్రుడ్లు పెట్టుకాలము గనుక నిషేధము. ఎగువ సరస్సులకు మాత్రము మంచు కరగు వరకు దారి లేదు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలే తగినవి. మత్స్యశాఖ అనుమతిపత్రము ముందుగా తీసికొనవలెను. ప్రేలుడు మందుతోను విషముతోను చేపలు చంపుట నేరము. గంగాబల్ సుమారు 3,570 మీటర్ల ఎత్తున ఉన్నది. నారానాగు శిథిలాలయముల దగ్గర బయలుదేరినచో మొదటి ఎక్కుడు నిట్టనిలువు. మావంటి వయస్సువారు ఒక దినము దిగువన నిలిచి, ఊపిరికి ఆ ఎత్తు అలవాటు చేసికొని పోవలెను. ఉన్ని బట్టలు, వాన బట్ట, ఎండు ఆహారము, సన్నని దారము, ముల్లు లేని గాలములు. ఇవన్నియు సులభముగా వ్రాసితిని.

చిక్కు వచ్చినది ఒక్కచోట. ఉత్తరమానసమున గాలము వేయవచ్చునా? పట్టికలో ఈ ప్రశ్నకు గడి లేదు.

మిత్రునితో ఈ మాట అన్నాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "ట్రౌటు అక్కడ దేవుడు పెట్టినది కాదు గదండీ, మనిషి పెట్టినది. దానిని పట్టుటలో ఆ సరస్సుకు మేలే గాని కీడేమున్నది?" అన్నారు. శాస్త్రదృష్టిలో ఆ మాటకు బలము కలదు. నేను, "ఆ నీటిలో తండ్రి అస్థికలు కలిపినవాడు గట్టున నిలుచుండి మనవంక చూచినచో మీరు ఈ మాట అతనితో అనగలరా?" అన్నాను. ఆయన అనలేనన్నారు. కొంత తడవు ఇద్దరమును మాటాడలేదు. తుదకు గంగాబల్‌ను కేవలము చూచి రావలెననియు, ప్రక్కనున్న నందకోల్‌లో వేయవచ్చునో కూడదో ఆ ఊరివారిని అడిగి, వారు చెప్పినట్లు నడువవలెననియు నిశ్చయించుకొన్నాము. అయిదు వందల యేండ్ల నాటి ఆ ఆంగ్లపు సన్న్యాసిని, ఆమె వ్రాసినను వ్రాయకపోయినను, చెప్పినది ఇదియే గదా. నీరు ఎవరిదో వారిని అడుగుట.

కాశ్మీరపు సరస్సుల సంగతి తెలుగు రచయితలకు ఎందుకని ఎవరైన అడుగవచ్చును. మనకు కొల్లేరు ఉన్నది. గోదావరి ఉన్నది. ఊరూర చెరువు ఉన్నది. నా చిన్నతనమున మా ఊరి కాలువ గట్టున ఒక బెస్త పెద్ద నాకు బెండు కట్టుట నేర్పినాడు. బెండు మునిగిన తీరును బట్టి, చేపను చూడకుండగనే, "కొర్రమేను కాదు అబ్బాయిగారూ, జెల్ల" అని చెప్పెడివాడు. కొర్రమేను ఎట్లు లాగును, జెల్ల ఎట్లు లాగును, బొచ్చె ఎట్లు మూతి ఆనించి వదలును అని వేరువేరు మాటలతో చెప్పినాడు. ఆ మాటలలో నాకు నేడు జ్ఞాపకమున్నవి రెండు మూడు మాత్రమే. మిగిలినవి పోయినవి. ఆయన పోయినందువలన పోలేదు. వ్రాసికొనుట చేతనైనవాడను నేను వ్రాసికొనకపోయినందువలన పోయినవి.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వెలువడినది. పల్లెపల్లె తిరిగి, రైతు నోట విని, మాట ఏ సీమలో ఎట్లు మారునో గుర్తించి చేసిన పని అది. పండితుడు పామరుని దగ్గర కూర్చుండి విద్యార్థియైన ఘట్టము మన భాషాచరిత్రలో అంత స్పష్టముగా మరియొకటి లేదు. గాలమునకు, వలకు, నీటికి సంబంధించిన మాటలను గూర్చి కూడ రచయితలైన మనము ఆ పద్ధతినే పట్టవలెను. మన కావ్యములలో చేప స్త్రీ కన్నుకు ఉపమానమై మెరసినది, మన్మథుని ధ్వజమై ఎగిరినది, విష్ణువు అవతారమై వేదములను తెచ్చినది. నీటిలో ఉన్న చేపగా, దానిని ఎరిగినవాని మాటలలో, మన గ్రంథములలోనికి వచ్చినది తక్కువ. చెరువులలో నేడు పెంచు చేపల జాతులు కొద్ది. ఏటి చేపల పేర్లు ఎరిగిన ముసలివారును కొద్దిమందియే. ఆ పేర్లు సేకరించువారు చెప్పినవాని పేరు, ఊరు కూడ, అతడు ఒప్పుకొన్నచో, ప్రక్కనే వ్రాయవలెను. రస్సెల్ వ్రాయలేదు, సోమేశ్వరుడు వ్రాయలేదు, స్టెయిన్ వ్రాసినాడు. మనము ఎవరి శిష్యులము కావలెనో మనమే నిర్ణయించుకొనవచ్చును.

మా ప్రయాణము ఇంకను జరుగలేదు. మంచు కరుగవలెను. మిత్రునికి పంపిన పట్టికలో కర్రలు, దారములు, ఉన్ని బట్టలు అన్నియు వరుసగా ఉన్నవి. వానికన్నిటికిని పైన మొదటి పంక్తి ఒకటి చేర్చినాను: నారానాగున మనకు దారి చూపువాని పేరు అడిగి వ్రాసికొనవలెను.